దీపముండగానే

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను మనము పదవిలోనున్న వారిని గూర్చియు, చేతిలో డబ్బున్న వారిని గూర్చియు తరచుగా వాడుచుందుము. అయితే సేద్యము చేయువాని ఇంట దీనికి మరియొక అర్థము కలదు. అక్కడ ఇంటి యజమానుడే ఆ దీపము. అతడు ఆరిపోకముందే, తన తరువాత భార్య ఏ కప్పు క్రింద నుండవలెనో, బిడ్డలు ఏ చెలక దున్నుకొని బ్రదుకవలెనో, పెండ్లికాని కుమార్తెకు ఎవరు పూచీయో తేటగా ఏర్పరచవలెను. ప్రియ చదువరీ, ఈ నెల నేను వ్రాయబోవునది ఆ ఏర్పాటును గూర్చియే.

నేను పరిచర్య చేయుచున్న బాలాపూరు, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్బీ నగరునకును దక్షిణముగా నున్న ఊరు. బాలాపూరు అనగానే అందరికి జ్ఞాపకము వచ్చునది వినాయకుని లడ్డు వేలము. 1994లో మొదటి వేలములో ఆ లడ్డు 450 రూపాయలకు పోయెను. 2024లో అది 30 లక్షల రూపాయలు దాటెను. మన విశ్వాసము వేరైనను, ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడెల్ల నాకు ఈ ఊరి నేల తలపునకు వచ్చును. ఆ ముప్పది యేండ్లలోనే ఇక్కడి చేలు ప్లాట్లాయెను. ఒకప్పుడు వాన పడకపోతే ఎవరికిని అక్కరలేని చెలకను నేడు గజములలో కొలుచుచున్నారు. ఎకరములలో కొలిచిన దినములలో అన్నదమ్ములు గట్టు విషయమై పోట్లాడి మరల కలిసికొనుచుండిరి. గజములలో కొలువ నారంభించిన తరువాత కలిసికొనుట కష్టమాయెను.

ఇక్కడ నేను అనేకులను సమాధి చేసితిని. సమాధి దినమున కుటుంబమంతయు ఏకముగా ఏడ్చును. ఆదరణ కూటము జరుగు దినమునకు ఒక ప్రశ్న పుట్టియుండును. ఎవరో ఒకరు మెల్లగా నా చెవిలో అడుగుదురు: "అయ్యగారూ, బాపు కాగితమేమన్న రాసిండా? మీకేమన్న చెప్పిండా?"

మా సంఘములో ఒక సహోదరి యున్నది. ఆమె పెనిమిటి మూడెకరములు సాగు చేసిన రైతు. ఆమె ఎప్పుడైన భవిష్యత్తును గూర్చి దిగులుపడినప్పుడు, "నేనున్నంత వరకు నీకేం భయం?" అని ఆయన అనుచుండెడివాడట. ఆ మాట అక్షరాల నిజమాయెను. ఆయన ఉన్నంతవరకు ఆమెకు భయము లేకుండెను. ఆయన పోయిన తరువాత చూడగా పట్టా అన్నగారి పేర నుండెను. అన్నదమ్ములిద్దరు నోటిమాటతో పంచుకొని ఇరువది యేండ్లు సుఖముగా దున్నుకొనిరి. తమ్ముడు పోయిన రెండేండ్లకు అన్నయు పోయెను. అన్నగారి కుమారులకు ఆ నోటిమాట తెలియదు. ఆ పిల్లలు దుర్మార్గులు కారు, పినతల్లిని గౌరవించువారే. కాని కాగితములో లేనిదానిని వారెట్లు నమ్ముదురు? ఆమె మా ఇంటి అరుగుమీద కూర్చుండి అన్న మాట నేను మరువలేదు: "అయ్యగారూ, ఆయన ప్రేమ లేనోడు కాదు. చెప్పి పోలేదు, అంతే."

అప్పటినుండి, మన తాతల తాతలు ఈ విషయములో ఏమి చేసిరో తెలిసికొనవలెనని నాకు ఆసక్తి కలిగెను. సెమినరీలో చదువుకొన్న రోజులనుండి పాత పుస్తకములు తిరుగవేయు అలవాటు నాకున్నది. పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు రైతు తన మరణానంతరము ఇంటివారికి చేసిన ఏర్పాటు, కోర్టు తీర్పులలో తేటగా కనబడునది తుంగభద్ర కవతల, కర్నూలు బళ్ళారి జిల్లాలలో. అవి అప్పుడు మద్రాసు రాజధానిలోనివి. అక్కడి రెడ్లు, మోటాటి కాపులు నల్లరేగడి నేలలలో సేద్యము చేయువారు. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన గొప్ప కరవు ఈ రెండు జిల్లాలను మిక్కిలి బాధించినది. అట్టి నేలమీద కుమారుడు లేని రైతు స్థితిని ఆలోచించుడి. గుంటక తోలుటకు రెండవ చేయి లేదు. తాను పడిపోయిన దినమున భార్యకును కుమార్తెలకును దిక్కు లేదు.

అప్పటి ధర్మశాస్త్రము అతని ఇంటి ఆడువారికి ఇచ్చినది కొద్ది. అతడు అన్నదమ్ములతో వేరుపడక మరణించినయెడల, అతని భాగము బ్రదికియున్న అన్నదమ్ములకే చెందును. భార్యకు మనోవర్తి, అనగా తిండియు బట్టయు మాత్రమే. వేరుపడినవాడైతే భార్య తన జీవితకాలమంతయు ఆ భూమిని అనుభవించును గాని, ఇష్టము వచ్చినట్లు అమ్ముటకు గాని ఇచ్చుటకు గాని స్వతంత్రురాలు కాదు. ఉమ్మడిలోనున్న రైతు తన భాగమును భార్యకు వీలునామా వ్రాసియిచ్చినను అది చెల్లదని మద్రాసు హైకోర్టు 1874లో తీర్పు చెప్పెను. ప్రాణము పోయిన క్షణముననే ఆ భాగము అన్నదమ్ములదై పోవును గనుక, వీలునామాకు పట్టుకొనుటకు ఏమియు మిగులదని దాని తర్కము. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చువరకు ఈ అడ్డు తొలగిపోలేదు.

ఇట్టి కట్టుదిట్టముల నడుమ ఆ రైతు కనుగొనిన మార్గము ఇల్లరికము. అతడు కుమార్తెను అత్తవారింటికి పంపక, అల్లునినే తన ఇంటికి తెచ్చుకొనెను. "నాతో కూడ కష్టపడుము, నన్నును నా భార్యను కడవరకు చూడుము, నా ఆస్తిలో నీకు కుమారుని భాగము కలదు" అను ఒప్పందము ఆ పెండ్లిలో ఇమిడియుండెను. 1881లో హనుమంతమ్మ, రామిరెడ్డి అనువారి వ్యాజ్యములో మద్రాసు హైకోర్టు ఈ ఆచారమును అంగీకరించెను. కుమారుడు లేని కాపు, తనకు ఎందరు కుమార్తెలున్నను, ఇక మగబిడ్డ కలుగునను ఆశ యున్నను లేకున్నను, ఇల్లరికపు అల్లుని తెచ్చుకొనవచ్చును. ఆస్తి విషయములో ఆ అల్లుడు కుమారుని స్థానమున నిలుచును. తరువాత కుమారుడు పుట్టినను అతనితో సమానముగా భాగము పొందును. దత్తత పోయినవానివలె తన పుట్టింటి హక్కును పోగొట్టుకొనడు. శాస్త్రగ్రంథములలో కానరాని ఈ ఏర్పాటును రైతులే తమ అవసరమునుబట్టి కల్పించుకొనిరి. పెద్ద కోర్టు దానిని ఒప్పుకొనవలసి వచ్చెను.

ఇల్లరికపు అల్లుడనగానే మనము నవ్వుదుము. అత్తవారింట కూడు తినువాడని వెక్కిరించు మాటలు మన ఊళ్లలో నేటికిని వినబడును. కాని ఆ ఏర్పాటును నేను తలచుకొనినప్పుడు మామగారి దూరదృష్టి నాకు కనబడుచున్నది. కుమార్తె పుట్టిన గడపలోనే నిలిచెను. తల్లి ముసలితనములో కోడలి దయమీద గాని దాయాదుల దయమీద గాని ఆధారపడక, కన్నబిడ్డ చేతి కూడు తినెను. అల్లుడు ఉచితముగా ఏమియు పొందలేదు, కష్టపడి సంపాదించుకొనెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇది రైతు బ్రదికియుండగనే ఊరంతయు చూచుచుండగా జరిగెను. ఆ అల్లుడు ప్రతిదినము మామగారి చేనులో నాగలి పట్టుటయే ఒక సాక్ష్యము.

అయినను ఇది లోపము లేని ఏర్పాటు కాదు. ఆస్తి కుమార్తె పేరున గాక అల్లుని పేరున నిలిచెను. మాట నోటిమాటయే గనుక, మామగారు పోయిన తరువాత "ఈ పిల్లవాడు ఇల్లరికము వచ్చినవాడా, ఊరక అత్తవారింట ఉన్నవాడా?" అను వివాదము పుట్టవచ్చును. అట్లు పుట్టుటవలననే ఈ సంగతులు కోర్టులకెక్కి మనవరకు వచ్చినవి. యాకోబు లాబాను ఇంట ఇరువది సంవత్సరములు పనిచేసిన సంగతి మనకు తెలియును. మామగారు పదిమారులు అతని జీతమును మార్చెనని అతడు చెప్పుకొని బాధపడెను. మాట ఇచ్చినవాడు దానిని మార్చినప్పుడు నడుమ నిలిచి చెప్పువాడు ఎవడును లేకపోయెను. ఆ తరువాత ఇద్దరును రాళ్లకుప్ప వేసి, దానిని సాక్షిగా పెట్టుకొని ఒప్పందము చేసికొనవలసి వచ్చెను.

అదే బళ్ళారిలో మన క్రైస్తవుల ఇంట జరిగిన మరియొక సంగతి చెప్పెదను. మాథ్యూ అబ్రహాము అనునాయన అక్కడ గొప్ప వ్యాపారి. ఆయన రైతు కాడు గాని, ఆయన ఇంటి కథ ప్రతి రైతును తెలిసికొనదగినది. ఆయన 1842లో వీలునామా వ్రాయకుండ మరణించెను. భార్య షార్లెట్ తన హక్కును కోరెను. తమ్ముడు ఫ్రాన్సిస్, మనది ఉమ్మడి కుటుంబము గనుక అన్నదమ్ముల భాగము నాదనెను. ఈ వ్యాజ్యము సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు ఎదుటికి పోయెను. 1863లో ఆ న్యాయాధిపతులు, క్రైస్తవుడైనవాడు తన పూర్వధర్మమును విడుచుటకైనను ఉంచుకొనుటకైనను స్వతంత్రుడనియు, ఈ కుటుంబమునకు హిందూ ఉమ్మడి కుటుంబ న్యాయము వర్తింపదనియు నిర్ణయించిరి. మరణమునకును తీర్పునకును నడుమ 21 సంవత్సరములు గడిచెను. వ్రాయని ఒక కాగితమునకు ఆ కుటుంబము చెల్లించిన వెల అది. రెండేండ్ల తరువాత, 1865లో, భారత వారసత్వ చట్టము వచ్చి దేశీయ క్రైస్తవులకు ఒక స్థిరమైన మార్గమును చూపెను.

భూమి గల వారి మాట ఇది. లేనివారి మాటయు చెప్పక తప్పదు, ఏలయనగా మా సంఘములో అనేకుల పూర్వికులు ఒక్క గుంటయైనను లేనివారు. నిజాము రాజ్యపు తెలంగాణ పల్లెలలో భగేలా అను పద్ధతి యుండెను. పెండ్లికో కరవుకో దొరవద్ద తెచ్చుకొన్న అప్పునకు బదులుగా మనిషి తన ఒంటిని తాకట్టుపెట్టి జీతముండెడివాడు. తండ్రి చనిపోయిన తరువాత ఆ అప్పు కుమారుని మెడకు చుట్టుకొనెడిది. భూమిగల తండ్రి వదలిన కాగితములో పొలముండగా, ఈ తండ్రి వదలిన లెక్కలో బిడ్డయే యుండెను. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒప్పందములను కట్టడిచేయుచు శాసనము తెచ్చెను. 1976లో దేశమంతటికిని వెట్టిచాకిరి పద్ధతి రద్దు చట్టము వచ్చెను. అట్టి ఇండ్లలో పుట్టిన మనము నేడు బిడ్డలకు ఒక చిన్న ప్లాటో, రెండు గదుల ఇల్లో విడిచి పోగలుగుచున్నామంటే అది సామాన్యమైన సంగతి కాదు. అంత కష్టపడి వచ్చినదానిని తగవుల పాలు చేయుట న్యాయమా?

నేడు మనకు ఆ రైతునకు లేని సదుపాయములు కలవు. వీలునామా లేకుండ భర్త మరణించినను, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము క్రైస్తవుని ఆస్తిలో మూడవవంతు భార్యకును, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికి సమానముగాను చెందును. ఇందులో కుమారుడనియు కుమార్తె యనియు భేదము లేదు. "ఆడపిల్లకు పెండ్లి చేసితిమి గదా, ఇంకేమి భాగము?" అని అడుగు అన్నలు మన సంఘములలోను ఉన్నారు, వారు ఈ సంగతి తెలిసికొనవలెను. మన హిందూ సహోదరుల విషయములో, 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు నిచ్చెను. 2005లో దేశమంతటను కుమార్తెలకు ఆ హక్కు కలిగెను. తండ్రి ఆస్తికొరకు మోషే ఎదుట నిలిచిన సెలోపెహాదు ఐదుగురు కుమార్తెలు ఈ దినమున ఉండినయెడల సంతోషించియుందురు.

వీలునామా వ్రాయుట కష్టమైన పనియు కాదు. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను చేయించుకొనుట మంచిదే గాని విధి కాదు. వ్రాసినవాడు సంతకము గాని వేలిముద్ర గాని వేయవలెను. ఇద్దరు సాక్షులు అది చూచి తామును సంతకము చేయవలెను. వీలునామా వలన లాభము పొందువారు సాక్షులుగా నుండకుండుట క్షేమము. మనస్సు మారినప్పుడు దానిని మార్చుకొనవచ్చును. ఇక రైతులకు 2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వము రైతు బీమాను ఆరంభించెను. 18 మొదలు 59 సంవత్సరముల వయస్సుగల పట్టాదారుడు ఏ కారణముచేత చనిపోయినను, అతడు నామినీగా వ్రాయించిన వారికి 5 లక్షల రూపాయలు చెందునట్లు ఆ పథకము ఏర్పాటాయెను. నామినీగా వ్రాయించిన తల్లి కన్నుమూసి యేండ్లు గడిచినను పేరు మార్పించుకొననివారిని నేనెరుగుదును. ఒక్క పూట పనికి వారు ఎంత ఆలస్యము చేయుచున్నారు!

ఎందుకీ ఆలస్యము? రెండు కారణములు నాకు కనబడుచున్నవి. మొదటిది భయము. వీలునామా అనుమాట ఎత్తుటయే అశుభమని, వ్రాసినవాడు త్వరలో పోవునని ఎంచుదురు. విత్తనములు దాచిపెట్టిన రైతు ఆ కారణముచేత ఆకలితో చావడు గదా! రెండవది విశ్వాసమువలె కనబడును. "దేవుడే చూచుకొనును, మనమెందుకు?" అందురు. ఈ మాట అనువారిని నేను తక్కువగా చూడను. వారిలో నాకంటె గొప్ప ప్రార్థనాపరులున్నారు. కాని దేవుడు వాన కురిపించునని నమ్మిన రైతే తొలకరికి ముందు గొర్రును సిద్ధపరచుకొనును. మన ప్రభువు సిలువమీద ప్రాణము విడుచు గడియలో సయితము, తల్లిని ప్రియశిష్యునికి అప్పగించెను. ఆ బాధలో ఆయన ఆమెను మరువలేదు. తండ్రి చూచుకొనునని ఊరకుండలేదు. సమీపమున నిలిచియున్న ఒక మనుష్యుని చూపి, అందరు వినునట్లు చెప్పెను. ఆ దినమునుండి ఆమెకు ఒక ఇల్లు కలిగెను.

ఒక సంతోషకరమైన సంగతి కూడ చెప్పవలెను. మా సంఘపు పెద్దలలో ఒకరు, డెబ్బది దాటినవారు, ఒక క్రిస్మసు మరునాడు కుమారులను, కుమార్తెలను, కోడండ్రను, అల్లుండ్రను ఇంటికి పిలిచెను. భోజనములైన తరువాత తాను వ్రాయించిన కాగితమును పెద్ద మనుమరాలిచేత చదివించెను. భార్య జీవించియున్నంత కాలము ఇల్లు ఆమెదే. మిగిలినది బిడ్డలందరికిని సమానము. పెద్ద కుమారుని ముఖము కొంచెము వాడెను. "నీకేమైన చెప్పాల్నని ఉంటే ఇప్పుడే చెప్పు బిడ్డా. రేపు నన్నడుగుదామంటే నేనుండను" అని ఆ పెద్దాయన అనెను. కుమారుడు తన కష్టమును చెప్పెను: చెల్లెండ్ర పెండ్లిండ్లకు చేసిన అప్పు తానే తీర్చితిననెను. తండ్రి విని, అది నిజమేనని ఒప్పుకొని, ఆ అప్పు మొత్తమును ముందుగా అతనికిచ్చి మిగిలినదానిని పంచునట్లు కాగితమును తిరిగి వ్రాయించెను. చెల్లెండ్రు ఇద్దరును సరేయనిరి. ఆయన నిరుడు ప్రభువునందు నిద్రించెను. ఆదరణ కూటమునాడు నా చెవిలో ఎవరును ఏ ప్రశ్నయు అడుగలేదు. పిల్లలందరు తల్లి చుట్టు కూర్చుండి తండ్రి మాటలే చెప్పుకొనుచుండిరి.

ఆ కుమారుని కష్టము తండ్రి మరణానంతరము బయటపడియుండినయెడల ఏమి జరిగియుండును? చెల్లెండ్రు దానిని ఆశ యనుకొందురు. అతడు వారిని కృతఘ్నులనుకొనును. వినుటకు తండ్రి లేడు. బ్రదికియున్న తండ్రి ఎదుట అదే మాట ఒక లెక్కగా మారి, తీరిపోయెను. వ్రాసిన కాగితము మంచిదే. వ్రాసినదానిని అందరి ఎదుట చదువుట ఇంకను మంచిది. కర్నూలు కాపు తన అల్లుని ఊరందరి యెదుట చేనులో నిలువబెట్టినది అందుకే గదా.

నాకును ఏబది దాటినవి. నా పేర పొలము లేదు. చిన్న ఇల్లు, కొద్ది బీమా, పాత పుస్తకముల బీరువాలు రెండు ఉన్నవి. వీటికేమి వీలునామా యని కొందరు మిత్రులు నవ్విరి. అయినను పోయిన సంవత్సరము కూర్చుండి వ్రాసితిని. సాక్షి సంతకములు పెట్టించి నా భార్య చేతికిచ్చితిని. ఆమె రెండుమారులు చదివి, "అన్నీ బాగానే ఉన్నవి గాని, ఈ పుస్తకాలు ఎవరు మోస్తారండీ?" అని అడిగెను. ఇద్దరము నవ్వుకొంటిమి. ఆ రాత్రి పిల్లలకు ఫోను చేసి ఆ సంగతియు మాటలాడితిమి.

సహోదరుడా, నీకు మూడెకరములున్నను, మూడు గదులున్నను, ఆటో ఒకటే యున్నను, ఈ వారములో ఒక సాయంకాలము దీనికై కేటాయించుము. నీ పట్టా ఎవరి పేర నున్నదో చూడుము. నీ బీమాలో ఏ పేరున్నదో చూడుము. నీ భార్యను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏది ఎక్కడ నున్నదో, ఎవరికి ఎంత అప్పున్నదో చెప్పుము. సహోదరీ, నీ భర్త మాట మార్చినయెడల నీవే మెల్లగా అడుగుము. అది ఆశ కాదు, జాగ్రత్త. బిడ్డలలో ఎవనికైన నొప్పి కలిగినయెడల, దానిని వినుటకు నీవు ఇంకను ఉన్నావని దేవునికి స్తోత్రము చెల్లించుము. వినిన తరువాత, న్యాయమైనదానిని వ్రాయుము.